వియ్యపురాలు మెచ్చిన డబ్బాలు

పెళ్ళిచూపుల్లో నన్ను చూడడానికి కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి వచ్చినప్పుడు మా అత్తమ్మ రెండు సంగతులు చెప్పింది. పిల్లగాడికి ఆఫీసులో అటెండరు కొలువు ఉంది, ఇది ఒకటి. ఇంట్లో కొడుక్కీ కోడలికీ వేరే అర్ర, అంటే గది, ఉంది, ఇది రెండోది. ఆమె అబద్ధం చెప్పలేదు. కొలువు ఉంది, అర్రా ఉంది. కాకపోతే ఆ అర్రలో మనిషి పట్టడు.

కాపురానికి వెళ్ళిన రోజు ఎంతో ఆశగా ఆ తలుపు తోశాను. సగం తెరుచుకుని ఆగిపోయింది. లోపల ఏదో దొర్లింది, దాని మీద ఇంకేదో పడింది, చివరికి ఒక రేకు మూత తలుపు సందులోంచి గిరగిరా తిరుగుతూ వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకుంది. కొత్తకోడలికి అంత చప్పుడుతో స్వాగతం మా వీధిలో ఎవరికీ జరిగి ఉండదు.

"రేపు సదురుదాం బిడ్డా" అంది అత్తమ్మ. మూతను తీసి కొంగుతో తుడిచింది. "గీ మూతకు డబ్బ ఏడనో ఉన్నది. దొరుకుతది."

ఆ రేపు కోసం నేను దసరా దాకా ఎదురుచూశాను, తర్వాత ఉగాది దాకా. ఈలోపు అత్తమ్మా నేనూ నడింట్లో పడుకునేవాళ్ళం, మా ఆయన వాకిట్లో నవారు మంచం మీద. కొత్తగా పెళ్ళయినవాళ్ళం కదా, ఏదైనా మాట్లాడుకోవాలంటే మాకు దొరికిన చోటు బావి గట్టు ఒక్కటే. ఆయన చేదేవాడు, నేను పోసేదాన్ని, ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం. మాటలు ఎక్కువైన రోజు గోలేలు నిండి, బకెట్లు నిండి, పక్కింటి వాళ్ళ గోలెం కూడా నిండేది. ఎంత కష్టపడే జంట అని వాడంతా మెచ్చుకుంది.

అత్తమ్మ బీడీలు చేసేది. చేట ఒళ్ళో పెట్టుకుని గడపలో కూర్చుందంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. కళ్ళు మాత్రం వీధి మీదుండేవి, ఎవరు ఏం పారేస్తున్నారా అని. పక్కింటి ఖాలమ్మ కొడుకు దుబాయిలో ఉండేవాడు. వాళ్ళింట్లో పాలపొడి డబ్బా అడుగంటిందంటే ఆ ఇంటివాళ్ళ కంటే ముందు మా అత్తమ్మకు తెలిసేది.

"ఖాలమ్మా, గా డబ్బ పారేస్తున్నవా ఏంది?"

"లేదమ్మా, ఇంక పొడి ఉన్నది అండ్ల."

"మెల్లగనే తాగుండ్రి. తొందరేం లేదు. అయినంక మాత్రం నాకే జెప్పు."

ఆ డబ్బాలు మా అర్రలోకి వచ్చేవి. వాటితో పాటు సెంటు సీసాలు, పగిలిన కుర్చీ కాళ్ళు, పిడి లేని గొడుగులు, గొడుగు లేని పిడులు, బీడీల దారం చుట్టి వచ్చిన ఖాళీ కండెలు, కడిగి ఆరేసిన పాల కవర్లు. ఆ కవర్లను దండెం మీద వరసగా వేసేది. గాలికి తెల్లగా ఎగురుతుంటే, ఇంట్లో ఏదో శుభకార్యం ఉందనుకుని ఒకసారి ఎవరో లోపలికి వచ్చి అడిగారు కూడా.

చీర సంగతి చెప్తే మీరు నమ్మరు. పండగకు కట్టిన చీర పాతబడితే ఇంట్లోకి, ఇంట్లో చినిగితే బొంతలో పొర, బొంత చినిగితే మసిగుడ్డ, మసిగుడ్డ పీలికలైతే దీపంలో వత్తి. వత్తి కాలిపోయాకన్నా దానికి విడుదల దొరుకుతుందనుకున్నాను. లేదు. ఆ మసిని గీకి ఒక చిన్న సీసాలో పెట్టింది.

"ఇదెందుకు అత్తమ్మా?"

"దిష్టి చుక్కకు. అక్కరకొస్తది."

ఈ "అక్కరకొస్తది" అన్న మాటతో ఏదైనా మా ఇంట్లోకి రావచ్చు. బయటికి పోవడానికి మాత్రం ఏ మాటా లేదు.

మా ఆయన దగ్గర నా మొర చెప్పుకున్నాను. చేద లాగుతూ అన్నాడు, "మా అమ్మతోని నేనేం అనలేనే. మా ఆఫీసుల గిట్లనే ఉన్నది."

నిజంగానే ఆఫీసులో అప్పుడే పొదుపు మొదలైంది. కాగితం వృథా చేయరాదు, వాడిన కవర్లను తిప్పి మళ్ళీ వాడాలి అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వును టేబుల్‌కొకటి చొప్పున కొత్త కాగితాల మీద టైపు కొట్టించి పంచారట. అటెండరుకు కూడా ఒకటి ఇచ్చారు. దాని వెనక వైపు అంతా ఖాళీగా ఉంటే మా అత్తమ్మ దాన్ని చూసి ఆఫీసు వాళ్ళ మీద తొలిసారి గౌరవం పెంచుకుని, అర్రలో పెట్టింది.

కవర్లు తిప్పే పని ఆఫీసులో ఎవరికీ చేతకాక మా ఇంటికి వచ్చింది. సంచినిండా పాత కవర్లు తెచ్చి ఆయన నా ముందు పోశాడు. తడిగుడ్డతో అతుకులు తడిపి, విప్పి, లోపలి వైపు బయటికి వచ్చేలా మడిచి, మైదాపిండి ఉడికించి లై చేసి అంటించాలి. మైదా మాది, కిరసనాయిలు మాది, వేళ్ళు నావి. పొదుపు మాత్రం సర్కారుది. ఎండబెట్టిన కవర్లను అర్రలో పెడితే లై వాసనకు బొద్దింకలు వచ్చేవి. తిన్నవి తినగా మిగిలినవి ఆఫీసుకు పోయేవి.

"మరి కొత్త కవర్లు ఏం చేస్తరు?" అని అడిగాను.

"బీరువల ఉన్నయి. తాళం పెట్టి."

"ఎందుకు?"

"అయిపోతయని."

మా ఇంట్లో అత్తమ్మ, ఆఫీసులో సర్కారు. ఇద్దరూ ఇంత ఆదా చేస్తుంటే నా పెట్టె పెట్టుకోవడానికి జానెడు జాగా మిగల్లేదు.

పారేద్దామంటే గొడవవుతుంది కదా అని నేను తెలివిగా ఇంకో దారి పట్టాను. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె వీధిలోకి రాగానే కేకేశాను. అత్తమ్మ పాతబట్టల మూట తెచ్చి, ముందుగా ఒక పాంటు తీసి పరిచింది.

గిన్నెలామె పాంటును వెలుగులో పట్టుకుని చూసింది. "మోకాలు కాడ చినిగింది గదమ్మా."

"మోకాలు కాడ గాకపోతే యాడ చినుగుతది? నడిచేటోడు తొడిగిండు."

"రంగు గూడ పోయింది."

"నీ గిన్నెకు రంగున్నదా? నేనేమన్న అన్ననా?"

ఎండ నడినెత్తికి వచ్చేదాకా బేరం సాగింది. అంత మూట పోయి, దాని బదులు ఒక పెద్ద స్టీలు తబుకు, అదే వెడల్పాటి పళ్ళెం, వచ్చింది. నేను సంబరపడి అందులో పిండి కలపబోతే అత్తమ్మ లాక్కుంది. వాడితే గీతలు పడతాయట. గీతలు పడకుండా దాన్ని ఒక పాతబట్టలో చుట్టాలి. పాతబట్టలన్నీ ఇచ్చేశాం కాబట్టి ఖాలమ్మ ఇంటి నుంచి ఒకటి అడిగి తెచ్చింది. చుట్టిన తబుకు అర్రలోకి పోయింది.

తర్వాత విరిగిన ప్లాస్టిక్ సామానుకు ఎల్లిగడ్డలిచ్చే ఆయన వచ్చాడు. పగిలిన బకెట్లు, తెగిన చెప్పులు పోయాయి, హమ్మయ్య అనుకున్నాను. ఎల్లిగడ్డలు అంత తొందరగా అయిపోతాయా? ఆ వెల్లుల్లిని జడలు కట్టి అర్ర దూలానికి వేలాడదీసింది. ఎంత చేసినా అర్ర ఖాళీ కాలేదు. పైగా ఇప్పుడు దానికి వాసన కూడా వచ్చింది.

ఇక్కడ మా వైపు మర్యాద ఒకటి చెప్పాలి. వియ్యపురాలు మన ఇంట్లో ఏదైనా వస్తువును చూసి మంచిగుంది అన్నదంటే, "తీస్కపో వదినా" అనాలి. ఆమె వద్దనాలి. మళ్ళీ అనాలి. చివరికి ఆమె తీసుకుపోవాలి. ఇవ్వకపోతే మనది చిన్నబుద్ధి, తీసుకోకపోతే ఆమెకు మన మీద అలక. నా పెళ్ళి మాటలప్పుడు మా అత్తమ్మ ఎల్లారెడ్డిలో మా అవ్వ, అంటే మా అమ్మ, రాగి బిందెను చూసి "ఎంత మంచిగున్నది వదినా" అంది. అంతే, ఆ బిందె నా కంటే ముందే కామారెడ్డి చేరింది. ఇప్పుడు అర్రలో ఒక మూల నోటినిండా గుడ్డపీలికలు కుక్కుకుని కూర్చుంది.

పంట ఇంటికొచ్చాక కొత్త బియ్యం, నువ్వుల ముద్దలు పట్టుకుని మా అవ్వ ఎల్లారెడ్డి బస్సులో దిగింది. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, మొదటి మాట అదే అడిగింది.

"మీ అర్ర ఏది బిడ్డా?"

నేను అత్తమ్మ వైపు చూశాను. అత్తమ్మ చేటలోకి చూసింది. "రేపు సదురుతున్నం వదినా."

అవ్వ లేచి తలుపు తోసింది. లోపలికి తొంగి చూసి, నేల నుంచి దూలం దాకా కళ్ళతోనే కొలిచింది. ఇప్పుడు నా తరఫున నాలుగు మాటలు దులుపుతుందని నేను కొంగు నడుముకు చుట్టి సిద్ధంగా ఉన్నాను. అవ్వ వెనక్కి తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"అబ్బబ్బ! ఏం డబ్బలు వదినా! గింత మంచి డబ్బలు మా దిక్కు దొరుకుతనే దొరకయ్!"

మా అవ్వకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాను. అత్తమ్మ మాత్రం పొంగిపోయింది. ఆ అర్రను ఇన్నేళ్ళలో మెచ్చుకున్న మొదటి మనిషి మా అవ్వే.

"దుబాయివి వదినా. మూత సూడు, ఎంత గట్టిగున్నదో."

"అవును వదినా, ఎంత మంచిగున్నది!"

అప్పుడు అత్తమ్మ మొహంలో ఏదో కదిలింది. మర్యాద గుర్తొచ్చింది. నోటి దాకా వచ్చిన మాటను ఆపుకోవాలని చూసింది కానీ, ఖాలమ్మ గోడ మీద నుంచి చూస్తోంది. "తీ... తీస్కపో వదినా" అంది.

"అయ్యో, నాకెందుకు వదినా?"

"తీస్కపో వదినా, ఏమైతది?"

"నువ్వంతగ అంటే మరి."

అవ్వ డబ్బా తీసి నా చేతికిచ్చింది. ఇస్తూ కన్ను గీటింది. అప్పుడు నాకు వెలిగింది. బయటపడబోయే నవ్వు ఆపుకోవడానికి డబ్బాలో తల పెట్టాను.

ఇక అవ్వ ఆగలేదు. కుర్చీ కాళ్ళు ఎంత నునుపుగా ఉన్నాయంది. గొడుగు పిడులు ఎంత వంపుగా ఉన్నాయంది. సెంటు సీసాల వాసన పీల్చి కళ్ళు మూసుకుంది. ప్రతిదానికీ అత్తమ్మ "తీస్కపో వదినా" అంది. మొదట్లో గట్టిగా, తర్వాత మెల్లగా, చివరికి పెదవులు మాత్రమే కదిలాయి. రాగి బిందె దగ్గరికి వచ్చేసరికి అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది గూడ ఎంత మంచిగున్నది వదినా" అంది.

"నీదేనాయె గద వదినా!" అని అత్తమ్మ పక్కున నవ్వింది. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే బిందె వాకిట్లోకి వచ్చింది.

మా ఆయన భోజనానికి వచ్చేసరికి అవ్వ కవర్ల కట్ట మీద చెయ్యి వేసి ఉంది. "ఎంత సక్కగ అంటుపెట్టిండ్రు వదినా!"

"తీస్కపో..."

"అత్తమ్మా! అవి సర్కారువి!" అని మా అవ్వను కేకేస్తూ చెప్పులు విడవకుండానే ఆయన పరుగెత్తుకొచ్చి కవర్లను గుండెకు హత్తుకున్నాడు. సర్కారుకు వియ్యపురాలు లేదు కాబట్టి అవి బతికిపోయాయి.

చివరగా అర్రలో గోడకు ఆనించి ఒక సైకిల్ టైరు మిగిలింది. అరిగి నున్నగా అయిపోయిన టైరు. మా మామ ఉన్నప్పుడు ఆ సైకిల్ మీదే బీడీల ఆకు తెచ్చేవాడట. మేమంతా వాకిట్లో మూటలు కడుతుంటే అత్తమ్మ ఒక్కతే లోపలికి పోయి ఆ టైరు మీద దుమ్ము తుడిచింది. అవ్వ గుమ్మంలో నిలబడి చూసింది. నేను ఎదురుచూశాను, దీన్ని కూడా మెచ్చుకుంటుందని. అవ్వ దాని వైపు చూడనట్టే తల తిప్పుకుని, "దారం ఉంటె ఇయ్యి బిడ్డా, మూట గట్టాలె" అంది.

మా ఆయన, నేను, ఖాలమ్మ, అందరం కలిసి మూటలు మోసుకుని బస్టాండుకు పోయాం. ఎల్లారెడ్డి బస్సు మీదికి అన్నీ ఎక్కించేసరికి కండక్టర్ కిందికి దిగి వచ్చాడు.

"అవ్వా, ఇల్లు ఖాళీ చేస్తున్నరా ఏంది?"

"లేదు బిడ్డా. బిడ్డ అత్తగారిల్లు."

"డబ్బలల్ల ఏమున్నది?"

"ఏం లేదు. ఖాళీవి."

"ఖాళీ డబ్బలు ఏం జేసుకుంటవు?"

అవ్వ నా వైపు చూసింది, అత్తమ్మ కూడా బస్టాండు దాకా వచ్చి ఉంది కదా. "అక్కరకొస్తయ్ బిడ్డా" అంది గంభీరంగా. ఖాళీ డబ్బాలకు కూడా లగేజీ టికెట్ కొట్టి కండక్టర్ విజిల్ వేశాడు.

మర్నాడు అర్రకు సున్నం వేశాం. టైరును మేకుకు తగిలించాం. నా పెట్టె లోపలికి వచ్చింది, నవారు మంచం లోపలికి వచ్చింది. తలుపు వేసుకుని కూర్చున్నాక మా ఇద్దరికీ ఒక్క మాట కూడా రాలేదు. చేతిలో చేద లేకపోతే ఏం మాట్లాడాలో తెలియలేదు. అలవాటు కావడానికి కొంచెం టైము పట్టింది. వాడలో మాత్రం మా ఇద్దరికీ పడడం లేదని, అందుకే నీళ్ళకు కలిసి రావడం లేదని మాట పుట్టింది.

నాకు నెలలు నిండుతుంటే తొలి కాన్పుకు ఎల్లారెడ్డి తీసుకుపోయారు. మా ఇంట్లో వెనక అర్ర చిన్నప్పటి నుంచి నాది. పెళ్ళికి ముందు నేను పడుకున్నది అక్కడే. సంచి పట్టుకుని నేరుగా అక్కడికే పోయి తలుపు తోశాను. సగం తెరుచుకుని ఆగింది. లోపల ఏదో దొర్లింది.

"అవ్వా!"

"అరవకు బిడ్డా, నిండు మనిషివి." అవ్వ తల గోక్కుంది. "పారేద్దామనే తెచ్చిన. బస్సు దిగినంక ఒక్కొక్కటి తీసి సూసిన. డబ్బలు మంచిగనే ఉన్నయి. ఎట్ల పారేస్తం? అండ్ల పప్పు పోస్తిని, ఉప్పు పోస్తిని. మిగిలినయి ఉండనీ, ఏదో దానికి అక్కరకొస్తయ్."

అత్తమ్మకున్న జబ్బు బస్సెక్కి వచ్చి మా అవ్వకు అంటుకుంది. మనం చెత్త పోయిందంటామే, అది ఎక్కడికీ పోదు. ఇంకొకరి అర్రలోకి పోతుంది. ఆ ఇంకొకరు నేనే కావడం నా ఖర్మ. దుబాయి డబ్బాల మధ్య మంచం వేయించుకుని, కుర్చీ కాళ్ళకు తల తగలకుండా పడుకోవడం నేర్చుకున్నాను. అక్కడే నాకు ఆడపిల్ల పుట్టింది.

కబురు అందగానే అత్తమ్మ వచ్చింది. చంకలో ఒక మూట. విప్పితే అన్నీ పాత చీరల ముక్కలే. ఉతికి ఉతికి మెత్తబడి, వెన్నలా అయిపోయినవి. గిన్నెలామెకు ఇవ్వలేదు, మా అవ్వ కంట పడనివ్వలేదు. ఎన్నేళ్ళ నుంచి దాచిందో.

"కొత్తబట్ట పసిపిల్లకు గుచ్చుతది" అంటూ మనవరాలిని అందులో చుట్టింది. కొంగు ముడి విప్పి మసి సీసా తీసింది. బుగ్గ మీద చుక్క పెట్టింది. ఆ క్షణంలో ఆమె దాచినవన్నీ, ఆ కిక్కిరిసిన అర్ర మొత్తం, నేను మాఫీ చేసేశాను. నిజంగా చేసేశాను.

అప్పుడు అత్తమ్మ తలెత్తి చుట్టూ చూసింది.

"నా డబ్బలు!"

చుట్టాలను చూసినట్టు లేచి ఒక్కొక్కదాన్నీ తడిమింది. మూతలు తిప్పి చూసింది. "ఎంత మంచిగ ఉంచినవ్ వదినా! ఎంత మంచిగున్నయ్!"

మెచ్చుకుంది. మా అవ్వ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి రాబోయే మాట నాకు తెలుసు. ఆ మాట వస్తే డబ్బాలన్నీ మళ్ళీ బస్సు మీదెక్కి కామారెడ్డికి, సున్నం వేసిన నా అర్రలోకి. ఇక్కడ నేను ఉండేది కొన్ని నెలలు, అక్కడ ఉండాల్సింది బతుకంతా. గబుక్కున మంచం మీద లేచి కూర్చున్నాను.

"బాలింత అర్రల సామాను పురుడు అయ్యేదాంక బయటికి తియ్యరు అత్తమ్మా!"

"అవునవును" అంది అత్తమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "పురుడు అయినంక తీస్కపోత."

"అయినంక నీ మనవరాలు ఆడుకుంటది. డబ్బలు గొట్టుకుంట, దొర్లించుకుంట. గివన్నీ దానికే."

అత్తమ్మ పసిదాన్ని చూసింది, డబ్బాలను చూసింది. ఆమె మొహం నిండా తృప్తి. "సూసినవా? అక్కరకొచ్చినయ్!"

నేను గెలిచాను. మంచం మీద వెనక్కి వాలాను. డబ్బాల మధ్య ఇరుగ్గా ఉంది, అయినా హాయిగా ఉంది. కామారెడ్డిలో నా అర్ర గోడకు టైరు ఒక్కటే వేలాడుతూ, తెల్లగా, ఖాళీగా కళ్ళ ముందు మెదిలింది.

"ఆఁ, చెప్పుడు మర్సిన" అంది అత్తమ్మ మనవరాలిని ఊపుతూ. "ఖాలమ్మ కొడుకు దుబాయి నుంచి వచ్చిండు. ఎంత పెద్ద అట్టపెట్టెలు తెచ్చిండనుకున్నవ్! పారేస్తనంటే నేనే ఆపిన. అర్ర ఎట్లనో ఖాళీగనే ఉన్నది గద."

నేను ఏడుపు మొహంతో అవ్వ వైపు చూశాను. అవ్వ కుర్చీ కాళ్ళను పక్కకు జరిపి నా పక్కన కూర్చుని, అత్తమ్మకు వినిపించకుండా చెవిలో చెప్పింది.

"ఇగ మెచ్చుకుంట మోసుకొచ్చుడు నాతోని అయితలేదు బిడ్డా. మెచ్చుకునుడు నీ బిడ్డకు నేర్పు."